హృదయ పరిశోధన: బైబిలు తెలుగులో ఒక మాట, దాని లోతు

బరంపురంలోనో ఛత్రపురంలోనో పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థికి రెండు భాషలు చెవిలో ఉంటాయి. ఇంట్లో తెలుగు, బడిలోనూ బజారులోనూ ఒడియా. రెండింటిలోనూ సంస్కృత పదాలు విరివిగా ఉన్నాయి కాబట్టి, ఒక భాషలో తెలిసిన మాట రెండో భాషలోనూ తెలిసినట్టే అనిపిస్తుంది. చాలాసార్లు అది నిజమే. కాని కొన్నిసార్లు తెలిసిన మాటే మనల్ని దారి తప్పిస్తుంది.

ఇందుకు ఒక మంచి ఉదాహరణ బైబిలులోని 139వ కీర్తన. భగవంతుడు తన లోపల వెతికి తనను తెలుసుకున్నాడని భక్తుడు అక్కడ చెబుతాడు. తెలుగు బైబిలు ఇందుకు 'పరిశోధించు' అనే క్రియను వాడింది. ఒడియా బైబిలు 'అనుసంధాన' అనే మాటను వాడింది. ఒడియాలో అనుసంధాన అంటే వెతకడం, ఆరా తీయడం. తెలుగులో అనుసంధానం అంటే ఒకదానితో మరొకదాన్ని కలపడం. నదుల అనుసంధానం అన్నప్పుడు మనకు తోచే అర్థం అదే. ఇటు నుంచి అటు చూసినా ఇదే చిక్కు. ఒడియా మిత్రుడికి 'పరిశోధ' అనగానే అప్పు తీర్చడం గుర్తుకు రావచ్చు. మనకు పరిశోధన అంటే విశ్వవిద్యాలయంలో పట్టా కోసం చేసే పని. మరి కీర్తనలోని ఆ మాటకు అసలు అర్థం ఏమిటి? హృదయాన్ని పరిశోధించడం అంటే ఏమి చేయడం? ఎవరు చేయడం? ఈ ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. మత విశ్వాసం ఏదైనా సరే, తెలుగు గద్య చరిత్ర చదివే విద్యార్థి తెలుసుకోదగ్గ విషయం ఇది.

ఈ తీరానికి ఆ మాట వచ్చిన దారి

తెలుగులో బైబిలు అనువాదానికి తొలి ప్రయత్నం 18వ శతాబ్దిలోనే జరిగింది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ చేసిన ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. అచ్చు వరకు వచ్చిన పని మనకు దగ్గరలోనే, విశాఖపట్నంలో మొదలైంది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ 1805లో అక్కడికి వచ్చారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవుడైన ఆనందరాయర్ వారికి అనువాదంలో తోడ్పడ్డాడు. క్రాన్ 1809లోనూ, డే గ్రాంజెస్ 1810లోనూ కన్నుమూశారు. వారి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. ఇదే కాలంలో శ్రీరాంపురంలో ఒడియా బైబిలు కూడా తయారైంది. అందులో కొత్త నిబంధన 1809లో, మొత్తం గ్రంథం 1815 నాటికి వచ్చాయి.

ఈ రెండు అనువాదాలు కలుసుకున్న చోటు గంజాం. అప్పటికి ఇది మద్రాసు రాజధానిలో ఒక జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు అలాగే ఉంది. లండన్ మిషన్‌కు చెందిన విలియం లీ 1810ల తొలి సంవత్సరాలలో ఋషికుల్య నది ముఖద్వారం దగ్గరి గంజాం పట్టణంలో పనిచేశాడు. 1815లో వచ్చిన విషజ్వరాలతో ఆ పట్టణం క్షీణించింది. ప్రాధాన్యం బరంపురానికి మారింది. 1822లో కటకం చేరిన ఇంగ్లండు జనరల్ బాప్టిస్టు మిషన్ వారు తర్వాత బరంపురానికీ వచ్చారు. ఒడియా వారి మధ్య పనిచేయడానికి వచ్చిన ఆ మిషన్‌లో మొట్టమొదట బాప్తిస్మం పొందిన హిందువు ఒడియా వాడు కాదు. బరంపురంలోని ఒక తెలుగు నేతగాడు. విలియం బాంప్టన్ అతనికి 1827 డిసెంబరు 25న బాప్తిస్మం ఇచ్చాడు. అతని పేరు ఇంగ్లీషు రాతలో 'ఎరున్' అని మిగిలింది. తెలుగు చెవికి అది ఎర్రన్న అని వినిపిస్తుంది. మూడు నెలల తర్వాత, 1828 మార్చిలో, గంగాధర సారంగి అనే ఒడియా బ్రాహ్మణుడు బాప్తిస్మం పొందాడు. ఈ ఇద్దరిని మళ్ళీ ఈ వ్యాసం చివర కలుసుకుందాం.

హృదయం అంటే గుండె కాదు, కేవలం మనసూ కాదు

బైబిలు పూర్వభాగం హీబ్రూ భాషలో ఉంది. అందులో హృదయానికి 'లేవ్', 'లేవావ్' అనే రూపాలు ఎనిమిది వందలసార్లకు పైగా వస్తాయి. ఈనాటి తెలుగు సినిమా పాటల్లో హృదయం ప్రేమకు, విరహానికి నెలవు. హీబ్రూ లేవ్ అలాంటిది కాదు. అది ఆలోచించే చోటు, జ్ఞాపకం ఉంచుకునే చోటు, అన్నిటికంటే ముఖ్యంగా నిర్ణయం తీసుకునే చోటు. సొలొమోను రాజు తనకు ఐశ్వర్యం వద్దని, న్యాయం తీర్చడానికి 'వినే హృదయం' కావాలని కోరుకుంటాడు. మన మాటల్లో చెప్పాలంటే అతను అడిగినది వివేకం. హృదయం లేనివాడు అంటే మనకు కఠినాత్ముడు. హీబ్రూలో బుద్ధి లేనివాడు.

ఉద్వేగాలకు హీబ్రూవారు తరచుగా వేరే అవయవాన్ని చెప్పారు. అది 'కిల్యోత్', అంటే మూత్రపిండాలు. మనిషి లోలోపలి కోరికలు, బాధలు, అంతరంగపు హెచ్చరికలు అక్కడ ఉంటాయని వారి భావన. అందుకే దేవుడు హృదయాన్నీ మూత్రపిండాలనూ పరీక్షిస్తాడని కీర్తనలలోనూ యిర్మీయా గ్రంథంలోనూ పదే పదే వస్తుంది. దీన్ని ఉన్నదున్నట్టు తెలిగిస్తే పాఠకుడు నవ్వుకుంటాడు. తెలుగు అనువాదకులు ఏమి చేశారో చూడండి. లేవీయకాండంలో బలిపశువు అవయవాలు చెప్పవలసిన చోట ఇదే మాటను 'మూత్రగ్రంథులు' అన్నారు. కీర్తనలలో మనిషి లోపలి సంగతి చెప్పవలసిన చోట 'అంతరింద్రియములు' అన్నారు. మన వేదాంత పరిభాషలో కన్ను, చెవి మొదలైనవి బహిరింద్రియాలు, మనస్సు అంతరింద్రియం. ఒక హీబ్రూ మాటకు సందర్భాన్ని బట్టి రెండు తెలుగు మాటలు పెట్టడం ఇక్కడ తెలిసి చేసిన పని.

ఒడియా బైబిలు హృదయం అనవలసిన చాలా చోట్ల 'అంతఃకరణ' అనే మాటను వాడుతుంది. శాస్త్ర పరిభాషలో అంతఃకరణం అంటే మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం అనే నాలుగూ కలిసినది. హీబ్రూ లేవ్‌కు ఇది ఎంతో దగ్గర. తెలుగులో మాత్రం అంతఃకరణ అనే మాటను దయ, కనికరం అనే అర్థంలో కూడా వాడతారు. తెలుగు పాఠకుడు 'హృదయం' దగ్గర బుద్ధిని మరిచిపోయే ప్రమాదం ఉంది. ఆ సమయంలో ఒడియా మాట అతనికి గుర్తుచేస్తుంది. 'అంతఃకరణ'ను వట్టి దయగా పొరబడినప్పుడు తెలుగు మాట సరిదిద్దుతుంది. రెండు భాషలు చదవగలిగినవాడికి ఉన్న లాభం ఇదే.

కంసాలి కొలిమి దగ్గర మూడు క్రియలు

పరిశోధనకు హీబ్రూలో ముఖ్యంగా మూడు క్రియలు ఉన్నాయి.

మొదటిది 'హాకర్'. లోతుగా తవ్వి వెతకడం అని దీని భావం. యోబు గ్రంథంలో గని తవ్వేవాడు చీకట్లో ఖనిజం కోసం వెతకడానికి ఈ మాటే వాడారు. వేగులవాళ్ళు దేశాన్ని చూసి రావడానికి, న్యాయాధిపతి నేరం నిజమో కాదో విచారించడానికి కూడా ఇదే మాట. 139వ కీర్తనలో ఉన్నది ఇది.

రెండవది 'బాహన్'. లోహం మేలిదో కాదో పరీక్షించడం. మన కంసాలి ఒరగల్లు మీద నగను గీసి వన్నె చూస్తాడు. ఒరగల్లునే గీటురాయి అని కూడా అంటాం. గీసినంత మాత్రాన బంగారం మారదు. ఉన్నది ఏమిటో తేలుతుంది.

మూడవది 'సారఫ్'. కరిగించి శుద్ధిచేయడం. సామెతల గ్రంథంలో వెండికి మూస, బంగారానికి కొలిమి ఎలాగో మానవ హృదయాలకు దేవుడు అలాగని ఒక పోలిక ఉంది. ఇక్కడ విద్యార్థులు ఒక మాట గమనించాలి. 'మూస ధోరణి', 'మూసలో పోసినట్టు' అన్నప్పుడు మూస అంటే అచ్చు. బైబిలులోని మూస అచ్చు కాదు. కంసాలి కుంపట్లో పెట్టి లోహాన్ని కరిగించే చిన్న మట్టి పాత్ర. దానికి ఆకారం ఇచ్చే పని లేదు. మలినాన్ని వేరుచేసే పని ఉంది.

ఒరగల్లు తీర్పు చెబుతుంది, మంట బాగుచేస్తుంది. 26వ కీర్తనలో భక్తుడు తనను పరీక్షించమని అడిగేటప్పుడు ఒకే వాక్యంలో బాహన్, సారఫ్ రెండూ వాడాడు. అంటే అతను అడిగేది మార్కులు వేయమని కాదు. తప్పు తేలితే దాన్ని తీసివేయమని కూడా.

ఇక్కడే మన 'పరిశోధించు' విలువ తెలుస్తుంది. దీని మూలం సంస్కృతంలోని 'శుధ్' ధాతువు. శుద్ధి, సంశోధన అన్నీ దాని నుంచి వచ్చినవే. ఆయుర్వేదంలో శోధన అంటే లోపలి దోషాన్ని బయటికి పంపే చికిత్స. వెతకడం, శుభ్రం చేయడం అనే రెండు భావాలూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. తెలుగు క్రైస్తవుల వాడుకలో 'శోధన'కు మనిషిని తప్పుదారికి లాగే ప్రలోభం అనే అర్థం కూడా వచ్చింది. అనువాదకులు ఇదంతా తలచి మాటను ఎంచారో లేదో మనం చెప్పనక్కరలేదు. మాట మాత్రం ఆ బరువు మోస్తోంది.

ఎవరు ఎవరిని పరిశోధించాలి?

ఇక అసలు విషయానికి వద్దాం. బైబిలులో ఈ పరిశోధనకు ఒక క్రమం ఉంది.

మొదటిది, మనిషి పైకి కనిపించేదే చూస్తాడు. రాజును ఎన్నుకోవడానికి బేత్లెహేము వెళ్ళిన సమూయేలు ప్రవక్త, యెష్షయి పెద్దకొడుకు ఏలీయాబు ఒడ్డూ పొడుగూ చూసి ఇతడే అనుకుంటాడు. ప్రవక్త అంతటివాడే పొరబడ్డాడు. లోపల చూసేది దేవుడొక్కడే అని అక్కడ అతనికి సమాధానం వస్తుంది.

రెండవది, మనిషికి తన హృదయమే పూర్తిగా తెలియదు. యిర్మీయా 17వ అధ్యాయంలో హృదయం అన్నిటికంటే మోసకరమైనది, దాన్ని ఎవరు తెలుసుకోగలరు అనే ప్రశ్న ఉంది. వెంటనే దేవుడే జవాబు చెబుతాడు: నేను పరిశోధిస్తాను, నేను పరీక్షిస్తాను. 'గురివింద గింజ తన కింది నలుపు ఎరగదు' అని మన సామెత. పాత రోజుల్లో కంసాలి బంగారం తూచింది కూడా గురివింద గింజలతోనే. ఎదుటి బంగారాన్ని తూచే గింజకు తన మచ్చ తెలియకపోవడమే ఆ సామెతలోని చమత్కారం.

మూడవది, కాబట్టి తెలివైన మనిషి చేయగలిగింది ఆ పరిశోధనను ఆహ్వానించడం. 139వ కీర్తన నడక దీనికి మంచి నిదర్శనం. కీర్తన మొదట్లో 'నువ్వు నన్ను పరిశోధించావు' అనే అర్థంలో జరిగిపోయిన సంగతి చెబుతాడు. చివర్లో 'నన్ను పరిశోధించు' అని తానే అడుగుతాడు. మధ్యలో పారిపోదామంటే ఆకాశంలోనూ పాతాళంలోనూ చోటు లేదని తెలుసుకుంటాడు. చివరి ప్రార్థనకు సరిగ్గా ముందు తన శత్రువుల మీద, దుర్మార్గుల మీద ఎంతో ద్వేషంతో మాట్లాడతాడు. ఆ కోపం చల్లారకముందే తనలో చెడ్డ దారి ఏమైనా ఉందేమో చూడమంటాడు. ఇతరులను తీర్పు తీర్చిన నోటితోనే తనను తీర్పుకు అప్పగించుకోవడం ఈ కీర్తనలోని గొప్ప మలుపు.

నాలుగవది, మనిషి తనంత తాను పరిశీలించుకోదగ్గది ఒకటి ఉంది: తన నడవడి. యెరూషలేము పట్టణం బబులోను సైన్యం చేతిలో నాశనమైన తర్వాత పుట్టిన విలాపవాక్యాలలో, మన మార్గాలను మనం పరిశోధించి చూసుకుందాం అనే పిలుపు ఉంది. అక్కడ హృదయం అనలేదు, మార్గం అన్నాడు. ఒక్కరికి కాదు, ఊరంతటికీ చెప్పాడు. ఏ ఉద్దేశంతో చేశామో చెప్పడం కష్టం కావచ్చు. ఏమి చేశామో చూసుకోవడం మన చేతిలోనే ఉంది.

విందు బల్ల ముందు పరీక్ష

కొత్త నిబంధన గ్రీకు భాషలో ఉంది. అందులో ఈ భావం ఎక్కువగా వినిపించే చోటు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం, 11వ అధ్యాయం. ప్రభు భోజనంలో పాల్గొనే ముందు ప్రతివాడూ తనను తాను పరీక్షించుకోవాలని పౌలు చెబుతాడు. ఆయన వాడిన గ్రీకు క్రియ 'దోకిమాజో' కూడా లోహాల పరీక్షకు వాడే మాటే. తెలుగు ఆరాధనలలో ప్రభు భోజనానికి ముందు ఈ వాక్యభాగం చదవడం పరిపాటి. విన్నవారు చాలామంది దీన్ని ఏకాంతంగా పాపాలు లెక్కపెట్టుకోవడంగా అర్థం చేసుకుంటారు. సందర్భం చూస్తే విషయం ఇంకాస్త స్పష్టంగా ఉంది. కొరింథులో కలిగినవారు ముందే వచ్చి తిని తాగుతున్నారు. పేదలు ఆకలితో మిగిలిపోతున్నారు. ఒకే సంఘంలో జరుగుతున్న ఆ పంక్తిభేదం మీదే పౌలు కోపం. పక్కన కూర్చున్నవాడి ఆకలి నాకు కనిపించిందా? ఆ పరీక్షలో మొదటి ప్రశ్న ఇదే.

పంక్తిభేదం తెలిసిన మన సమాజంలో ఈ మాటకు ఉన్న పదును వేరుగా చెప్పనక్కరలేదు. ఎవరు ఎవరితో కలిసి తినవచ్చు అన్నది ఈ దేశంలో చర్చిలను కూడా చాలాకాలం వేధించిన ప్రశ్న.

అపొస్తలుల కార్యాలు 15వ అధ్యాయంలో ఇంకొక ఘట్టం ఉంది. యూదులు కానివారిని సంఘంలో ఎలా చేర్చుకోవాలన్న వివాదం యెరూషలేములో వచ్చింది. అప్పుడు పేతురు లేచి దేవుడు 'హృదయములను ఎరిగినవాడు' అని, ఆయన మనకూ వారికీ భేదం చూపలేదని వాదించాడు. గ్రీకులో ఇది ఒకే సమాసం: 'కార్డియోగ్నోస్తేస్'. హృదయం చూసేవాడు దేవుడైతే జాతి, ఆచారం, భాష అడ్డుగోడలు కాలేవని ఆ వాదం సారాంశం. హృదయ పరిశోధన అనే భావం ఇక్కడ భయపెట్టే మాటగా కాక తలుపు తెరిచే మాటగా మారింది.

ఇప్పుడు మన బరంపురం నేతగాడి దగ్గరకు తిరిగి రావచ్చు. ఒడియా మిషన్‌లో మొదట చేరినవాడు తెలుగువాడు. తర్వాతివాడు ఒడియా బ్రాహ్మణుడు. మగ్గం ముందు కూర్చునేవాడూ, వైదిక కుటుంబంలో పుట్టినవాడూ ఒకే సంఘానికి వచ్చారు. వాళ్ళు ఎందుకు మతం మారారన్నది ఆనాడూ ఈనాడూ అనేకులు అనేక విధాలుగా ఊహిస్తారు. మిషనరీ నివేదికలు ఒక కారణం చూస్తే, బంధువులు మరొకటి చూస్తారు. ఆ ఇద్దరి హృదయాలలో ఏముందో తేల్చే అధికారం మనకు లేదని, వారు నమ్మిన గ్రంథమే చెబుతోంది. చరిత్ర విద్యార్థి వారి నడవడిని, కాలాన్ని, పరిస్థితులను చూడగలడు. అంతకుమించి చూశానని చెప్పుకోకపోవడమే నిజాయితీ.

తెలుగు సంప్రదాయంలో దీనికి చుట్టాలు

ఈ భావం తెలుగుకు బయటినుంచి వచ్చిన కొత్త సరుకు మాత్రమే కాదు. చిత్తశుద్ధి లేని పూజ, ఆచారం వ్యర్థమని వేమన గట్టిగా అడిగాడు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లో అచ్చువేయించాడు. అంటే తెలుగు కొత్త నిబంధన, తెలుగు వేమన దాదాపు ఒకే దశాబ్దంలో అచ్చు పుస్తకాలుగా పాఠకుల చేతికి వచ్చాయి. అంతర్యామి అనే భావన, మనస్సాక్షి అనే మాట మనకు కొత్తవి కావు. తేడా ఒక్కటి ఉంది. సాక్షి చూస్తాడు, పరిశోధకుడు చూసి శుద్ధిచేస్తాడు. వేమన ఆ శుద్ధిని సాధించవలసిన బాధ్యతను మనిషి మీదే ఎక్కువగా పెడతాడు. కీర్తనకారుడు అది తన ఒక్కడివల్ల కాదని ఒప్పుకుంటాడు. ఈ పోలికను, తేడాను కూడా గుర్తించి చదివితే రెండు రచనలూ మరింత బాగా అర్థమవుతాయి.

విద్యార్థులకు ఒక సూచన

చర్చిలలో ఇప్పటికీ చదివే పాత తెలుగు బైబిలు గ్రాంథిక భాషలో ఉంది. 'పరిశోధించుము', 'తెలిసికొనుము' అంటే పరిశోధించు, తెలుసుకో అని అర్థం. చివరి 'ము' చూసి బెదరనక్కరలేదు. పాత గంజాం జిల్లా గడ్డమీదే, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండి, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి కూడా పాత గ్రంథాలను చదవవద్దని చెప్పలేదు. కొత్తవి మన మాటలో రాయమన్నాడు.

వీలైతే 139వ కీర్తనను ఇంట్లో పెద్దవాళ్ళ చేత తెలుగులో చదివించుకుని, ఒడియాలో మీరే చదవండి. పరిశోధన పక్కన అనుసంధాన, హృదయం పక్కన అంతఃకరణ పెట్టి చూడండి. ఎక్కడ రెండూ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. తెలుగు నేలకు దూరంగా ఉన్నందువల్ల మన తెలుగు తక్కువదని కొందరు విద్యార్థులు చిన్నబుచ్చుకుంటారు. రెండు భాషల ఒరగల్లు మీద ఒక మాటను గీసి చూడగలిగే వీలు మాత్రం మీకే ఉంది. మాటల విషయంలో ఆ పని శ్రద్ధగా చేయండి. మనుషుల హృదయాల విషయంలో ఆ పని ఎవరిదో కీర్తనకారుడు చెప్పనే చెప్పాడు.